వసపూస

వసపూసను కనిపెట్టింది డాక్టర్ శేషాచలపతి. చేత్తో చేసింది నేను. పేపర్లలో ఆయన పేరే వచ్చింది. పాపంలో సగం నాది.

నా పేరు మద్దిలేటి. బేతంచర్ల పక్కన ఒక ఊరు. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. తర్వాత మోటార్లు చుట్టాను. గడియారాలు బాగుచేశాను. నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో మిషన్లకు మరమ్మతులు చేశాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ షెడ్డునే డాక్టర్ అద్దెకు తీసుకుని ప్రయోగశాల పెట్టాడు. పాత మిషన్లతో పాటు నేనూ అక్కడే మిగిలాను.

మొదటిరోజు ఆయన బల్ల మీద ఒక చింతగింజ పెట్టాడు.

"ఇంత చిన్నదిగా కావాలి. తడిసినా చెడకూడదు. పసిబిడ్డ నోట్లో పెట్టుకున్నా ప్రమాదం ఉండకూడదు."

"దేనికి సార్?"

"మాట నేర్పడానికి."

నాకు నవ్వొచ్చింది. మాట రావడానికి మా ఇళ్లలో వసకొమ్ము అరగదీసి, తల్లిపాలలో కలిపి, బిడ్డ నాలుకకు రాస్తారు. గలగల మాట్లాడే పిల్లను చూస్తే 'దీనికి వస ఎక్కువ పోశారా?' అంటారు. ఆ సంగతి చెప్పాను. డాక్టర్‌కు నచ్చింది. వసపూస అని పేరు అప్పుడే పెట్టాడు.

మూడు నెలలు పట్టింది. మొదటి పూసను నా నడుముకే కట్టుకుని చూశాను. "ఏదో ఒక మాట అను," అన్నాడు డాక్టర్. "పాలు," అన్నాను.

బొడ్డు కింద ఏదో వెచ్చగా విచ్చుకుంది. కడుపు నిండా తాగి కళ్లు మూసుకునే పసివాడికి ఎలా ఉంటుందో అలా ఉంది. నలభై ఒక్క ఏళ్ల మనిషిని. మళ్లీ అన్నాను. ఇంకోసారి అన్నాను. పదిహేడుసార్లు అన్నాక డాక్టర్ నవ్వుతూ పూస ఊడదీశాడు. తీసేటప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని నేను అప్పుడే పట్టించుకోవలసింది.

"చూశావా మద్దిలేటీ," అన్నాడు. "మాట ఎవడికీ పుట్టుకతో రాదు. అన్నందుకు ఏదో ఒకటి దొరుకుతుంది కాబట్టి మళ్లీ అంటాడు. తల్లి నవ్వుతుంది, ముద్దు పెడుతుంది, అదీ కూలే. కాకపోతే తల్లికి వంట ఉంటుంది, నిద్ర వస్తుంది, ఒక్కోసారి మర్చిపోతుంది. పూస మర్చిపోదు."

"మరి ఏడిస్తే సార్?"

"ఏడుపు మాట కాదు. దానికి ఏమీ ఇవ్వదు."

తల్లుల చేత కాయితం మీద సంతకాలు పెట్టించుకుని చుట్టుపక్కల నుంచి ఇరవై నలుగురు పసిపిల్లలను తీసుకున్నారు. అందులో నా కూతురు శాంభవి ఒకతి. నాలుగో నెల. మొలతాడు ఎలాగూ ఉంది. దానికే పూస గుచ్చాను.

ఏ మాటలకు పూస పలికి ఆ వెచ్చదనం ఇవ్వాలో మూడువందల మాటల జాబితా డాక్టర్ రాసుకొచ్చాడు. తల్లులందరినీ షెడ్డులో కూర్చోబెట్టి చదివాడు. అమ్మ, నాన్న, పాలు, రా, లే, చూడు, చందమామ. అందరూ తలలూపారు. 'నొప్పి' దగ్గరకు వచ్చేసరికి నా భార్య నాగవేణి లేచి నిలబడింది.

"సార్, ఆ మాట యాల? పసిబిడ్డ నోట్లో అట్లాంటిది పెడ్తారా ఎవరన్నా?"

"ఎందుకు పెట్టకూడదమ్మా?"

"పైన తథాస్తు దేవతలు తిరుగుతాంటారు సార్. బిడ్డ నొప్పి అంటే తథాస్తు అంటారు. మీకేం, మీరు నంద్యాలకు పోతారు. బిడ్డ మాతోనే ఉంటాది."

షెడ్డంతా నవ్వారు. కానీ తల్లులు ఒక్కొక్కరే ఆమె పక్కకు చేరారు. దెబ్బ వద్దన్నారు. పడిపోవడం వద్దన్నారు. రక్తం, మంట, జ్వరం, తేలు, భయం, ఏడుపు, చావు, అన్నీ వద్దన్నారు. డాక్టర్ చేతులు రెండూ పైకెత్తాడు.

"తీసేయవయ్యా మద్దిలేటీ. పది మాటలు తగ్గితే శాస్త్రం తగ్గిపోదు."

నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. పంతొమ్మిది మాటలు. ఇంటికి వస్తూ నాగవేణి మెరిసే ముఖంతో అడిగింది. "ఎట్లుంది? మీ డాక్టరుకే పాఠం జెప్పినా." మెచ్చుకున్నాను.

పూస మొదట ఏడుపు తప్ప ఏ చిన్న శబ్దానికైనా పలికేది. తర్వాత 'మ్మ' అంటేనే పలికేది. ఆ తర్వాత 'అమ్మా' అని పూర్తిగా అంటేనే. ఏడో నెలలో శాంభవి 'అమ్మా' అంది. తొమ్మిదో నెలలో 'అమ్మా పాలు ఇవ్వు' అంది. ఊళ్లోవాళ్లు వచ్చి చూసిపోయారు. పదకొండో నెలలో మా ఇంట్లో రేడియో అక్కర్లేకపోయింది.

ఏడుపు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ఒకరోజు చూస్తే లేదు. పొలంలో నీరు ఇంకినట్టు ఇంకిపోయింది.

మొదట గమనించింది మా పక్కింటి మాబున్నక్క. జాకెట్లు కుడుతుంది. మా రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. నిలబెట్టిన నాపబండలు, సందుల్లో సిమెంటు. అటు దగ్గితే ఇటు వినబడుతుంది.

"ఏమే నాగవేణీ, మీ పాప ఏడ్చి నెలైతాంది. నాకు తోచడంల్యా."

"ఏడిస్తే నువ్వొచ్చి ఎత్తుకుంటావా అక్కా?"

"ఎన్నితూర్లు ఎత్తుకోలేదే, ఇశ్వాసం లేనిదానా! మిషన్ మీద గుడ్డ మిషన్ మీదే ఇడ్సిపెట్టి ఉరికొస్తాంటి."

"ఇంగ నెమ్మదిగా కుట్టుకో. మా పాప మాటలు చెప్తాది గాని ఏడ్వదు."

"అదేనే నా భయం. ఏడ్వని బిడ్డ యాడన్నా ఉంటాదా?"

"దిష్టి పెట్టకక్కా," అని నాగవేణి నవ్వింది.

కానీ ఆమెకూ ఒక ముల్లు ఉంది. ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది.

"ఏమయ్యా, పాప అమ్మా అన్నప్పుడు నన్ను చూస్తాదా, పొట్ట చూసుకుంటాదా?"

"మాట వచ్చింది గదా. ఇంకేం కావాల నీకు?"

ఆమె మళ్లీ అడగలేదు. నేను ఆ తర్వాత చూశాను. శాంభవి 'అమ్మా' అనేది. అని, తల వంచి, తన నడుము వైపు చూసుకుని నవ్వేది. చూశాను. ఎవరికీ చెప్పలేదు.

పిల్లలు అన్న ప్రతి మాటనూ పూస షెడ్డుకు పంపేది. తెర మీద ఇరవై నాలుగు గీతలు. మాట్లాడిన కొద్దీ గీత పైకి లేస్తుంది. కింద ఆ మాటలు అక్షరాల్లో వస్తాయి. మాటలు మాత్రమే. కుక్కలు, బిందెలు, తలుపుల చప్పుళ్లు రాకుండా వడగట్టాను. ఆ పనికి డాక్టర్ నా భుజం తట్టాడు.

శాంభవికి పదమూడో నెల. మంగళవారం. పొద్దున పది దాటింది. షెడ్డులో కూర్చుని ఒక పూసకు బ్యాటరీ మారుస్తున్నాను.

"మద్దిలేటీ, ఇటు రా! నీ కూతురు చూడు!"

శాంభవి గీత లేస్తోంది. రోజూ లేచినట్టు కాదు. నిట్టనిలువుగా. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. అమ్మా చూడు. అమ్మా రా. అమ్మా పాలు. అమ్మా లే. అమ్మా లే. అమ్మా లే.

"ఏం చేస్తున్నారయ్యా తల్లీకూతుళ్లు?"

"ఆడుకుంటాన్నట్టుంది సార్. మా ఆడమనిషి నిద్రపోయినట్టు నటిస్తాది. పాప లేపుతాది."

"అద్భుతం. ఆపకుండా మాట్లాడుతోంది. ఏ దేశంలోనూ ఈ వయసు పిల్ల ఇంతసేపు మాట్లాడినట్టు రికార్డు లేదు."

పదకొండుకు లెక్క రెండువందల మాటలు దాటింది. పన్నెండుకు మూడువందల యాభై. డాక్టర్ మైసూర్‌పాక్ తెప్పించాడు. అందరికీ పంచాడు. నాకు రెండు ముక్కలు ఇచ్చాడు. తిన్నాను. అమ్మా నవ్వు. అమ్మా చందమామ. అమ్మా మంచిది. తింటూ తెర మీద చదివాను. నాకు గర్వంగా ఉంది.

ఒంటిగంటకు భోజనానికి బయలుదేరాను. మిగిలిన మైసూర్‌పాక్ పొట్లం కట్టి ఇచ్చారు. మాబున్నక్క తన వాకిట్లో గుండీలు కుడుతోంది.

"ఏందప్పా, పొద్దుటి సంది ఒకటే మాటలు మీ ఇంట్లో! వింటాంటే నవ్వాగడంల్యా. పాప ఎంత ముద్దుగా పిలుస్తాందో."

తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాను.

నాగవేణి స్టూలు పక్కన పడి ఉంది. అటక మీది డబ్బా దొర్లి ఉంది. తల రోలు అంచుకు తగిలింది. నాపబండల మీద నెత్తురు గడ్డకట్టి అంచుల్లో నల్లబడింది. శాంభవి ఆమె జుట్టు పక్కనే కూర్చుని ఉంది. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసింది. నవ్వింది.

"నాన్నా, బాగుంది," అంది.

అని తన నడుము వైపు చూసుకుంది.

నాగవేణికి ఇంకా ఊపిరి ఉంది. ఆసుపత్రి దారిలో బనగానపల్లె దాటాక లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది, ఎప్పుడు పడిందని. నిమిషంతో సహా చెప్పాను. పది గంటల ఇరవై రెండు. గీత అప్పుడే లేచింది.

"ఒక గంట ముందు తెచ్చి ఉంటే," అని ఆమె ఆగిపోయింది. మంచి మనిషి. వాక్యం పూర్తి చేయలేదు.

పూర్తి చేయవలసినవాళ్లం మేమే. గోడకు అవతల మాబున్నక్క ఉంది. ఎదురింట్లో ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. వీధి చివర ఆటో ఉంది. పిల్ల ఏడ్చి ఉంటే అందరూ వచ్చేవాళ్లు. ఏడుపుకు కూలి లేదు కాబట్టి అది ఏడవలేదు. 'అమ్మ పడిపోయింది' అనలేదు. ఆ మాట నేనే కొట్టేశాను. కొట్టేయమన్నది ఆ పడిపోయిన మనిషే. బిడ్డ తనకు తెలిసిన తీపి మాటలన్నీ వరసగా అంది. తల్లి లేవలేదు గానీ పూస ప్రతిసారీ పలికింది. భయం వేసినప్పుడల్లా ఒక మాట అంది, మాట అన్నప్పుడల్లా కడుపు నిండింది. నాలుగువందల పన్నెండు మాటలు. తల్లి ప్రాణం పోతుంటే నా బిడ్డ సంతోషంగా కూర్చుంది. సంతోషంగా. ఆ మాట రాయడానికి నాకు ఏడాది పట్టింది.

మూడోరోజు డాక్టర్ వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు.

"ఇప్పుడు అడగకూడదు మద్దిలేటీ. కానీ పూస మాత్రం తీయకు. తీస్తే మాటలు పోతాయి. ఆ మూడు గంటల రికార్డు చాలా విలువైనది."

"మీరు కాయితం మీద సంతకం పెట్టించుకున్న మనిషి గోడ మీద పటంలో ఉంది సార్. ఆమెనడగండి."

"నా తప్పు నాకు తెలుసు. దిద్దుకుందాం. ఏడుపుకు కూడా పూస పలికేలా మార్చు. వారంలో ఏడుస్తుంది."

నేను ఆయన్ను గెంటలేదు. ఆశపడ్డాను. మర్నాడే షెడ్డుకు వెళ్లి పూస మార్చాను.

వారం పట్టలేదు. నాలుగు రోజులకే శాంభవి ఏడ్చింది. పెదవి వంచింది, గొంతు సాగదీసింది, ఆగింది. నడుము చూసుకుని నవ్వింది. మళ్లీ ఏడ్చింది. కంట్లో చుక్క నీరు లేదు. అన్నం తింటూ ఏడ్చేది, ఆడుకుంటూ ఏడ్చేది, నన్ను చూడకుండా ఏడ్చేది. మాబున్నక్క మొదటిసారి పరుగెత్తుకొచ్చింది. ముఖం చూసి చెంగు నోట్లో కుక్కుకుంది.

"తీసేయప్పా! దండం పెడ్తా, తీసేయ్! ఇది ఏడుపు గాదు, దయ్యం పట్టింది!"

నా పనిముట్లలో చిన్న కత్తెర ఉంది. మొలతాడు కత్తిరించాను. పూసను రోకలితో నలగ్గొట్టాను.

మిగతా ఇరవై మూడు ఇళ్లకూ తిరిగి చెప్పాను. ఐదుగురు తీశారు. మిగతావాళ్లు తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. ఒక తండ్రి అన్నాడు, "నీకు జరిగింది మాకు యాల జరుగుతాది? మా వోడు నిమ్మళంగా ఉన్నాడు. నువ్వొచ్చి చెడగొట్టొద్దు." వాళ్లను నేను తిట్టను. నేనూ అదే అనేవాణ్ణి. క్షమించను కూడా.

మాటలు వచ్చిన దారినే పోయాయి. ముందు వాక్యాలు పోయాయి. తర్వాత చందమామ, మంచిది, చూడు. తొమ్మిదో రోజున 'అమ్మా' అని, నడుము తడుముకుని, చాలాసేపు అక్కడే వేలు పెట్టుకుని కూర్చుంది. అదే ఆఖరు. ఆ తర్వాత ఏ శబ్దమూ లేదు. నవ్వూ లేదు, ఏడుపూ లేదు.

షెడ్డు పని మానేశాను. ఇంట్లోనే మోటార్లు చుట్టాను. బిడ్డను కళ్ల ముందు నుంచి కదలనివ్వలేదు. ఒకరోజు నాపబండల మీద ఎర్రటి చుక్కలు వరుసగా కనిపించాయి. చుక్కల వెంట పోతే శాంభవి. పాదంలో గాజుపెంకు అరంగుళం దిగి ఉంది. ఎప్పటి నుంచి నడుస్తోందో. నేను పెంకు లాగుతుంటే నా ముఖమే చూస్తోంది. నోరు తెరవలేదు.

మాబున్నక్క పసుపు అద్దుతూ అంది.

"ఎన్నేండ్లు కాపలా కాస్తావు? నువ్వూ మనిషివే. ఒక్కతూరి కన్ను మలిపితే చాలు. నీళ్లతొట్టి ఉంది, కరెంటు తీగ ఉంది. ఏడ్వడం రాని బిడ్డ ఎట్ల బతుకుతాదప్పా?"

"ఏం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు? అడగకముందే అన్నీ నోటికాడికి తెస్తాండావు. దానికి నీతో ఏం పని? నువ్వు లేకపోతే ఎట్లుంటాదో దానికి తెలియాల."

ఆమె మామూలుగా అంది. నేను మామూలుగా తీసుకోలేదు.

శాంభవికి పంతొమ్మిదో నెల. పొద్దున పదకొండు గంటలు. గోడకు అవతల కుట్టుమిషన్ ఆడుతోంది. నేను ఎవరికీ చెప్పలేదు. రోలు పక్కన, నాగవేణి పడినచోట, వెల్లకిలా పడుకున్నాను. కళ్లు మూసుకున్నాను. మొదటి ప్రయోగం డాక్టర్‌ది. రెండోది నాది. దీనికి సంతకం కూడా ఎవరినీ అడగలేదు.

చిన్న అడుగులు వచ్చాయి. ఆగాయి. నా చెంప తట్టింది. నేను కదలలేదు. వేలితో నా కనురెప్ప ఎత్తింది. తల పక్కకు వాల్చాను. రెప్ప వదిలేసింది. పక్కన కూర్చుంది.

ఎంతసేపో తెలియదు. నేను చేతి గడియారం తీసిపెట్టాను, చూడాలనిపిస్తుందని. దాని ఊపిరి వినబడుతోంది. మొదట మామూలుగా. తర్వాత కొంచెం వేగంగా. గుడ్డ కదిలింది. నడుము తడుముకుంటోందని అర్థమైంది. అక్కడ ఏమీ లేదు. మళ్లీ నా చెంప తట్టింది. ఈసారి గట్టిగా. చొక్కా పట్టుకుని లాగింది.

లే, మద్దిలేటీ, అనుకున్నాను. చాలు. లేవలేదు.

అది నా ఛాతీ మీద ముఖం పెట్టింది. అక్కడి నుంచి ఒక చప్పుడు మొదలైంది. నాకు మొదట ఏడుపని తెలియలేదు. బరువైన బండను నేల మీద ఈడ్చినట్టుంది. ఆగింది. మళ్లీ వచ్చింది. మూడోసారి గొంతు చీలి బయటపడింది. నా చొక్కా తడిసింది. ఏ జాబితాలోనూ లేని శబ్దం. దానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇచ్చేది ఇంట్లో ఏదీ లేదు. అయినా వచ్చింది. ఇల్లు దద్దరిల్లేలా వచ్చింది.

కుట్టుమిషన్ ఆగింది.

"పాపా! ఏమైందే! ఓ మద్దిలేటీ!"

వాకిట్లో అడుగులు. తలుపు గోడకు కొట్టుకుంది. ఎదురింటివాళ్లు వచ్చారు. ఎవరో ఆటో కోసం అరిచారు. అరనిమిషంలో ఇల్లు నిండింది. పది గంటల ఇరవై రెండుకు రావలసినవాళ్లందరూ ఆ రోజు వచ్చారు.

నేను అప్పుడే లేచి ఉండవలసింది. బిడ్డ నా మీద పడి కొట్టుకుంటోంది. దానికి ఇంక తల్లీ లేదు, తండ్రీ లేడు. ఆ క్షణంలో దాని లోకం అది. నాకు తెలుసు. తెలిసీ కళ్లు తెరవలేదు. ఆ ఏడుపు నాకు తీపిగా ఉంది. ఇంకొంచెం వినాలనిపించింది.

మాబున్నక్క నా చెంప మీద కొట్టింది. రెప్ప అదిరింది. బతికే ఉన్నానని తెలిసి ఇంకోటి కొట్టింది, ఈసారి పళ్లు కదిలేలా.

"థూ! నువ్వొక తండ్రివా?"

లేచి కూర్చున్నాను. శాంభవి ఒక్కక్షణం ఆగి నన్ను చూసింది. నన్నే చూసింది, నడుము చూసుకోలేదు. చేతులు చాచాను.

వెనక్కి పాకి మాబున్నక్క చీర పట్టుకుంది. ఆమె ఎత్తుకుంటే మెడ కరుచుకుంది. నా వైపు చూస్తూ ఇంకా గట్టిగా ఏడ్చింది.